పీటకెక్కని పెట్టె

"గార్డియన్‌కు ప్రవేశం లేదంట."

నిన్న సాయంత్రం దసరా పోటీలు పెట్టే సంగీత సభ నుంచి వచ్చిన ఫోన్లో విన్న ఆ ముక్కను దొరస్వామి రాత్రంతా నమిలి, మహర్నవమి పొద్దున వసారాలో స్కూటరుకు కుంకుమ బొట్టు పెడుతూ ఇంటిల్లిపాది ముందూ ఉమ్మేశాడు.

"పోటీకి ఆడపిల్లను పంపమంటారు. దాని గార్డియన్ మాత్రం రాగూడదంటారు. నేను లేకుండా ఆడ ఏం జరపాలని? నా బిడ్డ పోయేది లేదు. ఈ మాట ఈడికి ఆపండి."

మహిత గుమ్మంలో నిలబడి వింది. మోహన వర్ణం మీద వేసవి నుంచి అరిగిన వేళ్ళు, ఇప్పుడు చున్నీ అంచును మీటల్లాగా నొక్కుకుంటున్నాయి.

దొరస్వామి తిరుపతి బస్టాండుకు ఎదురుగా ఉన్న లాడ్జిలో మేనేజరు. వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ యాడినుంచి, ఎందరు, ఎందుకు, ఎప్పుడు పోతారు అని అడిగి అడిగి, అనుమానం ఆయనకు జీతంతో పాటు వచ్చే భత్యమైపోయింది. కొండకు వచ్చినవాడు దేవుడి కోసమే వచ్చాడని ఆయన ఇంతవరకూ నమ్మలేదు. భార్య భారతమ్మ కాఫీలో చక్కెర కొంచెం ఎక్కువేస్తే, ఎందుకేసిందో తేలేదాకా తాగడు. లాడ్జిలో ఉండీ ఉండీ ఆయనకు లాజిక్కు ముదిరిందని కొర్లగుంట వీధిలో వాళ్ళ అభిప్రాయం. ఆ అభిప్రాయం వెనక ఎవరున్నారని ఆయన అనుమానం.

సభవాళ్ళు అట్లా అని ఉండరని మహిత అంది. లైన్లో గరగర ఉండిందేమోనని భారతమ్మ వడలపిండి చేత్తోనే వచ్చి అంది. గరగర ఉండింది నిజమేననీ, ఆ గరగర కూడా వాళ్ళే పెట్టించి ఉంటారనీ దొరస్వామి తేల్చేశాడు.

అప్పుడు గేటు తీసుకుని అఖ్సా వచ్చింది.

అఖ్సా, మహితకు అకార్డియన్ నేర్పే వలి బాషా కూతురు. వలి బాషాది పలమనేరు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో అకార్డియన్ వాయిస్తూ వాయిస్తూ తిరుపతి చేరి ఇక్కడే నిలబడ్డాడు. తండ్రి వాయించే పాటలన్నీ కూతురికీ వచ్చు. ఈ దసరా పోటీల్లో అఖ్సా తేలిక సంగీతంలో పేరిచ్చింది, సినిమా పాటలతో. మహిత మాత్రం అలాంటి అకార్డియన్ పెట్టెతోనే శాస్త్రీయంలో కూర్చుంటానని పట్టుబట్టి, తేలిక విభాగంలో ఇచ్చిన పేరును కూడా కొట్టేయించుకుంది. దాంతో ఇల్లు రెండుగా చీలింది.

"గార్డియన్ కాదు అంకుల్. అకార్డియన్" అంది అఖ్సా. "అకార్డియన్‌కు శాస్త్రీయంలో ప్రవేశం లేదన్నారు. మాకూ ఫోన్ చేసినారు. గార్డియన్లు బస్సు కట్టుకోని వచ్చినా వాళ్ళకేం బాధ లేదు."

దొరస్వామి మొహం ఒక్క క్షణం వెలిగింది. తనకు ప్రవేశం ఉంది. తర్వాత కూతురి మొహం చూసి, ఆ వెలుగును తనే ఆర్పేశాడు.

లోపల పూజగదిలో రాగి చెంబు కింద పెట్టిన చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది.

పూజగదిలో ఉన్నది చంద్రకాంతమ్మ, దొరస్వామి తల్లి. ఏడాది పొడవునా గోడకు గుడ్డ కప్పుకుని ఉండే తన వీణను దించి, తుడిచి, సరస్వతి పీట మీద పెట్టడం ఆమెకు నవమి నాటి పని. పుస్తకాలూ వాద్యాలూ లోపల పీట మీద సరస్వతికి. స్కూటరూ, కత్తిపీటా, స్పానరూ, స్క్రూడ్రైవరూ, లాడ్జి తాళాల గుత్తీ బయట వసారాలో ఆయుధపూజకు. పొద్దున పూజ చేస్తే మర్నాడు దశమి పొద్దున పునఃపూజ అయ్యేదాకా లోపలివీ బయటివీ ఏవీ ముట్టకూడదు. అక్షరం చదవకూడదు, తీగ మీటకూడదు, మర తిప్పకూడదు.

పోయిన దసరాకు ఆమె మహిత అకార్డియన్‌ను బయటికి పంపింది. స్కూటరు పక్కన. మడతల గాలి తిత్తి మీద కుంకుమ బొట్టుతో ఆ పెట్టె రోజంతా పెట్రోలు వాసన పీలుస్తూ కూర్చుంది. "కంసాలి కొలిమికాడ తిత్తి ఉంటాది. దాన్నెవరైనా సరస్వతి అంటారా? మీటలుండేదానికి పీట యాడుంటాది?" అన్నది ఆమె వాదం.

ఈ ఏడు మహిత పెట్టెను వసారాకు ఇవ్వనంది. లోపలికి అవ్వ రానివ్వనంది. "ఆ తిత్తి నా సరస్వతి పీట ఎక్కిన దినం, నేను వడమాలపేట బస్సు ఎక్కుతా" అని పోయినవారం అందరి ముందూ చెయ్యి తట్టి చెప్పింది. వడమాలపేటలో ఆమె తమ్ముడి ఇల్లుంది. మాట ఇచ్చిందంటే మూట కట్టే మనిషి. అందుకని పెట్టె అటూ ఇటూ కాకుండా మహిత గదిలో, మంచం పక్కన, అనాథలాగా ఉండిపోయింది.

"సభ దాకా పోయొద్దాం నాయనా" అంది మహిత. "మొహం మీద అడుగుతా."

దొరస్వామి లేచాడు. కూతురి మీద ప్రేమ కొంత. సభవాళ్ళ మీద అనుమానం మిగతాది. స్కూటరు పూజలో ఉంది కాబట్టి అఖ్సాతో కలిసి ముగ్గురూ నడిచే వెళ్ళారు. ఆయుధపూజ నాడు తిరుపతిలో బండి ఉన్నవాళ్ళే పాదచారులు.

సభ కార్యదర్శి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, కుదరదన్నాడు. శాస్త్రీయమంటే వీణ, వయొలిన్, వేణువు. అకార్డియన్ అంటే మౌత్ ఆర్గన్, మిమిక్రీ, ఆ వరస.

శాక్సఫోన్‌ను పెద్ద సభల్లో కూర్చోబెడుతున్నారు కదా అని మహిత అడిగింది. మాండలిన్‌ను కూర్చోబెట్టారు. వయొలిన్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది, అదీ దొరల పిటీలే కదా. కార్యదర్శి ఓపికగా విన్నాడు. తీగ వాద్యానికి వేలు జారుతుంది, గాలి వాద్యానికి ఊపిరి తగులుతుంది, అందుకే గమకం పలుకుతుంది, మీట నొక్కితే పలికేదానికి అవేవీ లేవన్నాడు.

"దీనికీ ఊపిరి ఉంది సార్" అంది మహిత. "నా ఊపిరి కాదు. దానిదే."

మీటను సగమే నొక్కి, తిత్తిని బిగబట్టి, గాలిని సన్నగా వదిలితే స్వరం ఎట్లా జారుతుందో ఆమె చెప్పింది. అకార్డియన్‌లో ఒక్కో స్వరానికి గాలికి మోగే రెండేసి లోహపు రీడ్లు ఉండి, రెండూ కొంచెం ఎడంగా పలకడం వల్ల వణుకు వస్తుంది. వలి బాషా ఆ రెంటినీ గీకి గీకి ఒక్కటి చేశాడనీ, ఇప్పుడు తంబూరా పక్కన పెట్టినా శృతి నిలుస్తుందనీ చెప్పింది. దొరస్వామి కూతురి వంక కొత్తగా చూశాడు. ఇంట్లో ఇంత సంగీతం ఉండగా తనకింతవరకూ సంగతి తెలియనివ్వనిదెవరని ఆయనకు ఇంకో అనుమానం.

కార్యదర్శి చివరికి మెత్తబడ్డాడు. రేపు దశమి, పునఃపూజలు అయ్యాక న్యాయనిర్ణేతలు ముగ్గురూ పొద్దున్నే వస్తారు. వాళ్ళ ముందు తంబూరా పెట్టుకుని ఒక్క వర్ణం వాయించాలి. శృతి నిలిస్తే సాయంత్రం శాస్త్రీయంలో చోటు. నిలవకపోతే ఇంటికే. తేలిక విభాగం జాబితా నిన్ననే మూసేశారు, మళ్ళీ తెరవరు.

"ఒక్కసారే" అన్నాడు. "మళ్ళీ మళ్ళీ అడగొద్దమ్మా."

మధ్యాహ్నం ఇల్లు చేరగానే మహిత చెప్పులు ఒకవైపు, చున్నీ ఒకవైపు విసిరేసి పెట్టె దగ్గరికి పరుగెత్తింది. పట్టీలు భుజాలకు తగిలించుకుంది. తిత్తిని లాగింది.

మీట మీద వేలు పడకముందే ఒక స్వరం పలికింది.

వేళ్ళు ఎత్తి చూసింది. పలుకుతూనే ఉంది. పంచాయతీలో అడక్కుండా నోరు పెట్టే పెద్దమనిషిలాగా, తిత్తి కదిలినంతసేపూ ఒకటే స్వరం, మధ్యమం. మోహన రాగంలో మధ్యమమే లేదు. వర్ణం ఎత్తుకుంటే ప్రతి ఆవర్తంలోనూ ఆ మధ్యమం మధ్యలో దూరి కూర్చుంటోంది.

"నాయనా" అని పిలిచింది. గొంతు వణికింది. పెట్టెకు పోయిన వణుకు పిల్లకొచ్చింది.

దొరస్వామి వచ్చాడు. చూశాడు. వంగి వాసన చూశాడు. తిత్తి మడతల దగ్గర ముక్కు పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయాడు.

"అత్తరు" అన్నాడు.

నిజంగానే ఏదో సువాసన. పొద్దున లేదది. దొరస్వామి భార్యను పిలిచి, తాము లేనప్పుడు ఎవరొచ్చారని అడిగాడు. వలి బాషా వచ్చాడని భారతమ్మ చెప్పింది. సభవాళ్ళు ఒప్పుకుంటే రేపటికి పనికొస్తుందని పెట్టెను ఒకసారి చూసిపోదామని వచ్చాడట. వసారాలో కూర్చోబెట్టి, కాఫీ కలిపి తెచ్చేలోపు మనిషి లేడు.

"కాఫీ తాగకుండా పోయినాడా?"

"పోయినాడు. గ్లాసు పట్టుకోని నేను గేటుదాకా పోయి చూసినా."

లాడ్జి మేనేజరుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇచ్చిన కాఫీ తాగకుండా పోయేవాడు గదిలో ఏదో వదిలిపెట్టైనా పోయి ఉండాలి, గదిలోంచి ఏదో ఎత్తుకోనైనా పోయి ఉండాలి. పైగా మహిత రేపు శృతిలో తప్పితే ఏ విభాగంలోనూ లేదు. అకార్డియన్‌తో తిరుపతిలో పోటీకి మిగిలే ఆడపిల్ల ఒకతే. ఆమె ఎవరి కూతురో వేరే చెప్పాలా?

"సార్ అట్ల చేయడు" అంది మహిత.

"చేయడని నేను కూడా అనుకుంటా. ఎవురు చేసినారో నువ్వు చెప్పు."

మహిత ఇంకోసారి తిత్తి లాగబోయింది. పూజగది గడప లోపల్నుంచి చంద్రకాంతమ్మ, ఇటు తిరక్కుండానే, "ఈ దినం వాద్యం ముట్టగూడదు. దాన్ని పెట్టేయ్" అంది.

"అది వాద్యం కాదంటివే అవ్వా. కొలిమి తిత్తి అంటివే."

అవ్వ దీపంలో వత్తి సరిచేస్తూ కూర్చుంది. సరిగ్గా ఉన్న వత్తిని ఎంతసేపు సరిచేస్తుందోనని భారతమ్మకు అనిపించింది గానీ, ఆ ఇంట్లో అనుమానించే హక్కు ఒకరికే ఉంది కాబట్టి ఊరుకుంది.

దీపాల వేళకు వలి బాషా వచ్చాడు. దొరస్వామి ఫోన్లో పిలిచిన పిలుపుకు, పక్కన అఖ్సాను వెంటబెట్టుకుని. చాప వేసి ఉంది. చాప మధ్యలో పెట్టె ఉంది. నిందితుడూ, నేరమూ ఎదురెదురుగా కూర్చున్నట్టుంది.

దొరస్వామి మొదలుపెట్టాడు. ఎప్పుడొచ్చినావు, ఎందుకొచ్చినావు, ఎంతసేపున్నావు, ఎందుకు పోయినావు. గది అడిగే యాత్రికుడు చెప్పినట్టు వలి బాషా అన్నిటికీ చెప్పాడు, చివరిదానికి తప్ప.

"పెట్టె సూద్దామని వచ్చినా అన్నా. సూడకుండా పోయినా."

"ఎందుకు సూడలేదు?"

వలి బాషా కళ్ళు ఒకసారి పూజగది వైపు పోయి తిరిగొచ్చాయి. "అప్పుడు సూసే వీలు లేకపోయింది."

"నీకు వీలు లేదా? మా వాళ్ళు లేరా? కాఫీ వేడిగా లేదా?"

"ఏదో ఒకటనుకో అన్నా."

ఏదో ఒకటి అనుకోమంటే దొరస్వామి ఒకటితో ఆగే మనిషి కాదు. వరసగా అన్నీ అనేశాడు. అఖ్సా పేరు కూడా వచ్చింది. అఖ్సా మొహం ఎర్రబడింది. తను గెలవాలంటే ఎవరి పెట్టె గొంతూ పిసకాల్సిన పని లేదనీ, మహితకు ఈ పెట్టె రీడ్లు గీకినప్పుడు తండ్రి తన పెట్టెను రెండు నెలలు పక్కన పడేశాడనీ, అసలు ఈ ఇంట్లో కూర్చోవడమే తప్పనీ లేచి నిలబడింది. వలి బాషా కూతురి చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"పెట్టెకు అత్తరు వాసన ఉండాది" అన్నాడు దొరస్వామి. "మా ఇంట్లో అత్తరు పూసుకునేవాళ్ళు ఎవురూ లేరు."

"మా ఇంట్లో కూడా లేరు అంకుల్" అంది అఖ్సా. "మా నాయనకు అత్తరు పడదు. పండక్కి ఎవరైనా పూసుకోనొచ్చి అలాయ్ బలాయ్ అని కావిలించుకుంటే నమాజు అయ్యేదాకా తుమ్మతానే ఉంటాడు. ఊరంతా తెలుసు."

భారతమ్మకు నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి దగ్గు చేసుకుంది.

అంతవరకూ తలొంచుకుని ఉన్న మహిత అప్పుడు తలెత్తింది. నమ్మకం ఒకవైపు, రేపటి పొద్దు ఒకవైపు. పొద్దు గెలిచింది.

"సార్, మీరు ముట్టినారా?"

దొరస్వామి అడిగిన అన్ని ప్రశ్నలకూ చెక్కుచెదరని వలి బాషా, ఈ ఒక్కదానికి చూపు దించేశాడు.

"నువ్వు కూడా అడుగుతా ఉండావా పాపా" అన్నాడు. "ముట్టలేదు."

అనుమానం మొదట్లో సరదాగానే ఉంటుంది. అవమానం అయ్యేదాకా దాని రుచి తెలియదు.

విప్పి చూస్తే ఏముందో తెలిసిపోతుంది కదా అని భారతమ్మ మెల్లగా అంది. మీటల పైన ఉండే కన్నాల జాలీ మూతకు నాలుగు మరలు. తీయడానికి చిటికె పని. కానీ తీసే స్క్రూడ్రైవరు వసారా మూల ఆయుధపూజలో, గంధం కుంకుమ పెట్టుకుని, బొరుగులూ పుట్నాలూ ముందేసుకుని కూర్చుంది. స్పానరూ అక్కడే. కత్తీ అక్కడే. దశమి పొద్దున దాకా వాటిని ముట్టకూడదు.

"సరే అన్నా. రేప్పొద్దున పునఃపూజ అయినంక నేనే వచ్చి విప్పుతా" అన్నాడు వలి బాషా.

"సూసినారా" అన్నాడు దొరస్వామి అందరివంకా తిరిగి. "రేపటికి వాయిదా. వాయిద్యానికి వాయిదా. రేపు ఆడ జడ్జీలు కూర్చోనుంటారు, ఈడ ఈయన మరలు తిప్పతా ఉంటాడు. ఇదంతా ముందే..."

మాట పూర్తి కాలేదు.

చంద్రకాంతమ్మ పూజగదిలోంచి బయటికొచ్చింది. ఎవరినీ చూడలేదు. తిన్నగా వసారా మూలకు నడిచి, వంగి, బొరుగులు పక్కకు తోసి, కుంకుమతో సహా స్క్రూడ్రైవరు తీసింది. అది పూజలోది అని కొడుకు నోరు తెరవబోయాడు.

"తెలుసులే. ఆయమ్మకు నేను చెప్పుకుంటా" అంది.

తెచ్చి వలి బాషా చేతిలో పెట్టింది.

"విప్పు నాయనా."

వలి బాషా ఆమె మొహంలోకి చూశాడు. వద్దులే అమ్మా అన్నట్టు తల కొంచెం ఊపాడు. ఆమె కదల్లేదు. ఆయన పెట్టెను ఒళ్ళోకి తీసుకుని ఒక్కో మరా తిప్పాడు. జాలీ ఊడి వచ్చింది. దాని వెనక ఉండాల్సిన గుడ్డ ఎప్పుడో చినిగిపోయింది. పెట్టెను ఒక పక్కకు వంచాడు.

చాప మీద బియ్యపు గింజలు రాలాయి. పసుపు బియ్యం.

మీట కింద గాలి కన్నాన్ని మూసే తోలు బిళ్ళలు వరసగా ఉన్నాయి. ఒక బిళ్ళ కింద ఒక గింజ అడ్డంగా ఇరుక్కుని, దాన్ని మూసుకోనివ్వకుండా పట్టుకుని ఉంది. మధ్యమం అక్కణ్ణుంచి వస్తోంది. మహిత పిన్నీసుతో గింజను లేపింది. అరచేతిలో వేసుకుని చూసింది.

"అక్షింతలు" అంది.

ఇంట్లో అందరూ చంద్రకాంతమ్మ వైపు తిరిగారు. ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి దానికి ఆమె వేసిన అక్షింతలకు లెక్క లేదు. పసుపు కలిపినవి వెయ్యడం మాత్రం ఇదే మొదలు.

ఆమె చాప చివర కూర్చుంది. స్కూటరు వైపు చూస్తూ చెప్పింది, పొద్దున్నుంచీ స్కూటరే తనను ప్రశ్నలడిగినట్టు.

"పొద్దున ఈ పిల్ల వచ్చి, మన పెట్టెను సభలోకి రానిచ్చేది లేదన్నారని చెప్పినాది కదా. కడుపు రగిలిపోయినాది నాకు. నేనంటే ఇంటిదాన్ని. కొలిమి తిత్తి అంటా, ఇంకోటి అంటా. వాడెవడు అనేదానికి? మీరు అటు పోతానే పెట్టెను ఎత్తుకోనొచ్చి వీణ పక్కన పెట్టినా. గంధం పెట్టినా, అక్షింతలేసినా. ఈ ఇంటి సరస్వతివే నువ్వు కూడా, మా పిల్ల పరువు కాపాడు తల్లీ అని మొక్కుకున్నా. మీరొచ్చే యాళకు గంధం తుడిసి మళ్ళీ మంచం పక్కన పెట్టేసినా. లోపల గింజలు పడినాయని నాకేం తెలుసు?"

"అయితే అత్తరు..." అన్నాడు దొరస్వామి.

"గంధంరా. నా ముక్కు వచ్చింటే నీకు ఆ మాత్రం తెలిసుండేది."

"మరి ఈయన కాఫీ?"

చంద్రకాంతమ్మ మొదటిసారి వలి బాషా వైపు చూసింది. పూజగది కిటికీ వసారాలోకే తెరుచుకుంటుంది. ఆమె పెట్టె మీద అక్షింతలు వేస్తుండగా కిటికీ అవతల ఈయన నిలబడి చూస్తున్నాడు. పోయినవారం తను తట్టిన చెయ్యి గుర్తొచ్చి, ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది, చెప్పొద్దని. ఆయన రెండు చేతులూ ఎత్తి పెట్టెకో, సరస్వతికో, ఆమెకో దండం పెట్టి, కాఫీ కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

"ఇన్ని మాటలంటా ఉంటే చెప్పొచ్చు కదయ్యా" అంది ఆమె. "నన్ను సూస్తా కూసున్నావే గానీ."

"నువ్వు గమ్మునుండమన్నావు కదమ్మా" అన్నాడు వలి బాషా. "ఉన్నా."

దొరస్వామికి ఆ రోజు మొదటిసారి అడగడానికి ప్రశ్న దొరకలేదు. లేచి వంటింట్లోకి పోయాడు. లోపల గిన్నెలు కాసేపు గొడవపడ్డాయి. ఎప్పుడూ పొయ్యి ముట్టించని మనిషి కాఫీ గ్లాసులు రెండు పట్టుకుని వచ్చాడు. ఒకటి వలి బాషా ముందు పెట్టాడు. చక్కెర బాగా ఎక్కువైంది. వలి బాషా ఎందుకని అడక్కుండా తాగాడు.

రెండోది అఖ్సా ముందు పెట్టాడు. అఖ్సా మొహం తిప్పుకునే ఉంది. గ్లాసు మీద మీగడ కట్టింది.

మహిత సారు కాళ్ళ వైపు వంగబోతే, ఆయన భుజం పట్టి ఆపాడు. "అది తర్వాత పాపా. ముందు జాలీ బిగించు." మరలు మళ్ళీ ఎక్కాయి. స్క్రూడ్రైవరు మళ్ళీ బొరుగుల ముందుకు పోయింది. మహిత పట్టీలు తగిలించుకుని, స్వరం పలక్కుండా గాలి తీసుకునే గాలి మీట నొక్కి, తిత్తిని సగం దాకా లాగింది. వేలు మీట మీదికి పోతోంది.

"పెట్టు కింద" అంది అవ్వ.

"ఒక్కసారి అవ్వా. బాగైందో లేదో సూడొద్దా?"

"సరస్వతి పీట ఎక్కిన వాద్యాన్ని పునఃపూజ దాకా ముట్టగూడదు. మధ్యాహ్నం తెలీక ముట్టినావు. ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయినాది."

దొరస్వామి కూతురి తరఫున వాదించాడు. రేపు పునఃపూజ అవుతానే పరుగెత్తాలి, సరిచేసుకోవడానికి సమయం ఉండదు, పైగా స్క్రూడ్రైవరును ముట్టినప్పుడు లేని దోషం దీనికెందుకు అన్నాడు. స్క్రూడ్రైవరు తప్పుకు తనదే పూచీ అని ఆమె చెప్పింది. అది ఇనుము. ఇది అట్లా కాదు.

ఎన్నేళ్ళుగానో మహిత అడుగుతున్నది ఈ ఒక్క మాటే. ఇది అట్లా కాదు, ఇది వాద్యం అని ఎవరైనా అనాలని. అన్నారు. అన్నందుకే ఇప్పుడు వాయించకూడదు.

ఆమె సారు వంక చూసింది. వలి బాషా గ్లాసు కింద పెట్టాడు. గింజ ఇరుక్కున్న చోట తోలు కొంచెం నొక్కుకున్నట్టుంది, సర్దుకుంటే సర్దుకుంటుంది, సర్దుకోకపోతే మధ్యమం సన్నగా కారుతూనే ఉంటుంది, వింటే తప్ప చెప్పలేనన్నాడు. వినమని మాత్రం అనలేదు.

"రేపు వడమాలపేటకు బస్సు ఎప్పుడుండాదిరా?" అని చంద్రకాంతమ్మ కొడుకును అడిగింది. "సభకాడికి నేనూ వస్తా. అదైనంక అట్నే బస్సెక్కుతా. మాటంటే మాటే."

మహిత లేచింది. పట్టీలతోనే పూజగదిలోకి నడిచింది. వీణ పక్కన పీట మీద అవ్వ చోటు చేసింది. తిత్తి సగం తెరిచే ఉంది, దాన్ని మూస్తే గానీ కింద పెట్టలేదు. గాలి మీట ఒక్కటే నొక్కి మూసుకోమని అవ్వ సైగ చేసింది.

మహిత గాలి మీట నొక్కి, తిత్తిని నెమ్మదిగా దగ్గరికి తెచ్చింది. పెట్టె పెద్దగా నిట్టూర్చింది. గుమ్మంలో అందరూ చెవులు రిక్కించారు.

ఒట్టి గాలే అన్నాడు వలి బాషా.

అఖ్సా అప్పుడు ఇటు తిరిగింది. గాలి వెనక సన్నగా, వెంట్రుకంత సన్నగా, తనకు మధ్యమం వినిపించిందంది.